తప్పు పైలట్‌ ఒక్కడిదేనా?

పొలాలమీద మందు చల్లే విమానం ప్రమాదానికి గురైందంటే, ఏ కరెంటు తీగకో తగిలి ఉంటుందనుకుంటాం. కాని నేల విడవకుండానే పక్కకు తిరిగిపోయి, కాలవలోనో చేలోనో పడ్డవీ ఉన్నాయి. ఇలాంటి ప్రమాదాలపై అమెరికాలోని నేషనల్ ట్రాన్స్‌పోర్టేషన్ సేఫ్టీ బోర్డు నివేదికల్లో తరచు కనిపించే తీర్పు ఒకటుంది: టేకాఫ్‌లో పైలట్ విమానాన్ని తిన్నగా నడపలేకపోయాడని. అది అబద్ధం కాదు. అయితే సగం నిజమేనని నా అభిప్రాయం.

ఎందుకంటారా? ఈ విమానాల్లో చాలావాటికి చిన్నచక్రం తోక కింద ఉంటుంది. అందువల్ల గరిమనాభి పెద్దచక్రాలకు వెనక పడుతుంది. ముక్కు కాస్త పక్కకు తిరిగితే చాలు, వెనకబరువు ఆ తిరుగుడును ఇంకా పెంచుతుంది. సరుకు వేసిన రిక్షాను వెనక్కి తోసి చూడండి, సంగతి తెలుస్తుంది! దీనికి తోడు, పైలట్ వైపునుంచి చూస్తే గడియారం ముల్లులా తిరిగే ప్రొపెల్లర్ ముక్కును ఎడమకు లాగుతుంది. తోక లేచేటప్పుడు ఆ లాగుడు మరీ ఎక్కువ. కుడి రడ్డర్ తొక్కాలి. కాని వేగం పుంజుకునేదాకా రడ్డర్‌కు పట్టు తక్కువ. ఆపైన పక్కగాలి వీస్తే చెప్పనక్కర్లేదు.

ఇంతవరకూ పైలట్ పనే. మరి బరువు మాటేమిటి? ఎయిర్ ట్రాక్టర్ 802 తొట్టిలో 800 గ్యాలన్లు, అంటే సుమారు 3,000 లీటర్లు పడుతుంది. నిండుతొట్టి, మెత్తటి నేల, ఎండకు పలచబడ్డ గాలి - మూడూ కలిస్తే నేలమీద పరుగు పొడవవుతుంది, గండం గడిచే సమయమూ పెరుగుతుంది. మందును క్షణాల్లో వదిలెయ్యడానికి లివర్ ఉంది. కాని దాని ఖరీదు, యజమాని ముఖం గుర్తొస్తే చెయ్యి ముందుకు రాదు కదా!

అంచేత యజమానులు చెయ్యాల్సింది రెండే పనులు. ఆనాటి ఎండనీ గాలినీ చూసి తొట్టి నింపించాలి. రన్‌వే పక్కన ఒక జెండా పాతి, "ఇక్కడికి వచ్చేసరికి విమానం తిన్నగా, తగిన వేగంతో లేకపోతే ఆపెయ్యి, లేదా మందు వదిలెయ్యి, డబ్బు సంగతి నిన్నడగను" అని ముందే మాటివ్వాలి.

ఇది పరాయిదేశపు గొడవ అనుకోకండి. 1972లో ఎగిరిన మన హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారి 'బసంత్' కూడా తోకచక్రం విమానమే. రేపు ఇంజనీర్లయి ప్రమాదాలు విచారించబోయే మిత్రులకు నా మనవి ఒక్కటే: పైలట్ రడ్డర్ ఆలస్యంగా తొక్కాడని తప్పక రాయండి. ఆ పూట తొట్టి అంత నింపమన్నదెవరో కూడా రాయండి.