ఎన్నవసారి? - అరణ్యయాత్రలో అనుభవమంటే ఏమిటి



మహాశివరాత్రి సమీపించగానే నల్లమల అడవిదారులు శివనామస్మరణతో మార్మ్రోగుతాయి. ఆత్మకూరు సమీపంలోని వెంకటాపురం నుండి బయలుదేరి, నాగలూటి వీరభద్రుని దర్శించి, పెచ్చెరువు వద్ద విశ్రమించి, భీముని కొలను లోయలోకి దిగి, తిరిగి కైలాసద్వారం వరకు ఎక్కి, శ్రీశైల మల్లికార్జునుని సన్నిధికి చేరే భక్తులు దారిలో ఒకరినొకరు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. "స్వామీ, మీకిది ఎన్నవసారి?"

"మొదటిసారండీ" అన్నవాని కంఠం కొంచెం తగ్గుతుంది. "పదునెనిమిదవసారి" అన్నవాని కంఠం కొంచెం పెరుగుతుంది. ఆ క్షణం నుండి పదునెనిమిదిసార్లు నడిచినవాడే ఆ బృందానికి నాయకుడు. అతడు ఆగినచోట అందరూ ఆగుతారు. "నీళ్ళు ముందు దొరుకుతాయి, పదండి" అంటే అందరూ కదులుతారు. అతడు నిజముగా అరణ్యాన్ని ఎరిగినవాడా, లేక పదునెనిమిది పర్యాయాలు దానిగుండా దాటిపోయినవాడా అని ఎవరూ విచారించరు.

ఆ విచారణ ఆవశ్యకమైనది. సంఖ్య అనుభవానికి ఒక సూచన మాత్రమే, అనుభవం కాదు. సంఖ్యనే అధికారంగా భ్రమించడం వలన బయట ప్రాణహానికి, లోపల అహంకారవృద్ధికి ఒకేసారి ద్వారం తెరుచుకుంటుంది.

మొదట అరణ్యం ఎక్కడ ఆరంభమవుతుందో తెలియవలెను. తైత్తిరీయ ఆరణ్యకం బ్రహ్మయజ్ఞాన్ని విధిస్తూ, గ్రామం నుండి తూర్పునకో ఉత్తరానికో ఈశాన్యానికో వెళ్ళి, ఇళ్ళ కప్పులు కంటికి కనబడని చోట స్వాధ్యాయం చేయమన్నది. ఇన్ని క్రోశాలు నడవమని చెప్పలేదు, ఇంత ఎత్తు ఎక్కమని చెప్పలేదు. కప్పు కనబడని చోటు అన్నది. అనగా మనుష్యుడు తన రక్షణకై తాను కట్టుకున్నది దృష్టిపథం నుండి తొలగినచోట అరణ్యం మొదలవుతున్నది. ఈ కొలమానంతో చూస్తే మన "అనుభవాలు" ఎంతవరకు అరణ్యానుభవాలో తేటతెల్లమవుతుంది.

అలిపిరి నుండి తిరుమలకు సుమారు 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు మార్గంలో సుమారు 2,388. ఈ దారులను నూరుసార్లు ఎక్కిన పుణ్యాత్ములు ఉన్నారు. వారి భక్తికి నమస్కారం. అయితే అలిపిరి దారిలో చాలామేరకు పైకప్పు ఉన్నది, దీపాలున్నాయి, త్రాగునీరున్నది, అడుగడుగునా తోటి భక్తులున్నారు. నూరుసార్లు ఎక్కిన పాదాలకు మెట్లు తెలుసు. ప్రక్కనున్న శేషాచలపు అడవి తెలియదు. 2023 ఆగస్టులో అదే నడకదారిలో ఒక చిరుతపులి ఆరేళ్ళ బాలికను బలిగొన్నది. అటుపిమ్మట పిల్లలతో నడిచే వేళలపై నియమాలు వచ్చాయి, గుంపులుగా నడవమన్నారు, భక్తుల చేతికి కర్రలిచ్చారు. కప్పు క్రింద నడుస్తున్నంతమాత్రాన అరణ్యం తొలగిపోలేదన్న సత్యాన్ని ఆ దుఃఖం లోకానికి జ్ఞాపకం చేసినది. ఆ జ్ఞాపకం నూరవసారి ఎక్కేవానికీ మొదటిసారి ఎక్కేవానికీ సమానంగానే అవసరమైనది.

శివరాత్రినాటి నల్లమల దారి రెండవ విధమైనది. అది నిజమైన అడవియే. దేశంలోని పులుల అభయారణ్యాలలో విస్తీర్ణంచేత అగ్రగణ్యమైన దాని గుండా సాగే దారి. కానీ ఆ నాలుగు దినాలలో వేలాది పాదాలు దారిని చూపుతాయి, అన్నదాన శిబిరాలు ఆకలిని తీరుస్తాయి, జనకోలాహలం మృగాలను దూరం చేస్తుంది. అదే దారి ఉత్సవం ముగిసిన పక్షం దినాలకు ఎట్లుంటుంది? రాలిన ఆకులు కాలిబాటను కప్పివేస్తాయి. వాగులు ఎండి రాళ్ళు తేలుతాయి. ఒక బాట రెండుగా చీలినచోట ఏది భక్తులది, ఏది పశువులది అని చెప్పేవారుండరు. పదునెనిమిది శివరాత్రులు నడిచినవానికి తెలిసినది పదునెనిమిది ఉత్సవాల అడవి. ఒకే అనుభవం పదునెనిమిదిమార్లు పునరావృతమైతే అది పదునెనిమిది అనుభవాలు కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపం పుడుతుంది. శాస్త్రం అభ్యాసాన్ని ప్రశంసించలేదా? జపానికి సంఖ్య ఉన్నది, ప్రదక్షిణకు సంఖ్య ఉన్నది. యాత్రకు మాత్రం సంఖ్య నిరర్థకమా? ఆక్షేపం న్యాయమైనదే. అయితే పతంజలి మహర్షి అభ్యాసం దృఢం కావడానికి దీర్ఘకాలమొక్కటే చాలునని చెప్పలేదు. నైరంతర్యం కావలెనన్నాడు, సత్కారం కావలెనన్నాడు. సత్కారమంటే ఆదరం, శ్రద్ధ. ప్రతిసారీ మొదటిసారివలె చూచే కన్ను. అది లోపించిన ఆవృత్తి అలవాటు అవుతుందే గాని అభ్యాసం కాదు. పైగా ఆ మహర్షి అభ్యాసానికి జతగా వైరాగ్యాన్ని నిలిపాడు. "నాకు తెలుసు" అనే భావాన్ని విడువగలగడం కూడా వైరాగ్యమే.

ఇతిహాసాలు ఈ విషయంలో మనకు నేరుగా దారి చూపుతున్నాయి. శ్రీరామచంద్రుడు వనంలో ప్రవేశించినప్పటినుండి ఎట్లు నడిచాడో గమనించండి. గంగను దాటడానికి గుహుని సహాయం స్వీకరించాడు. చిత్రకూటానికి దారి భరద్వాజుని అడిగాడు. దండకలో సుతీక్ష్ణుని అడిగి అగస్త్యాశ్రమానికి, అగస్త్యుని అడిగి పంచవటికి చేరాడు. పది సంవత్సరాలు మునుల ఆశ్రమాల మధ్య సంచరించిన తరువాత కూడా అడగడం మానలేదు. సీతావియోగం తరువాత కబంధుడు చూపిన దారినే పంపకు వెళ్ళాడు. సర్వజ్ఞుడైన స్వామి అడుగడుగునా దారి అడగడం లోకశిక్షణకు కాక మరి దేనికి? బంగారులేడి ఘట్టం ఎప్పుడు జరిగినదో కూడా తలచుకోవలెను. అది వనవాసపు మొదటి మాసంలో జరగలేదు; దాదాపు చివరిదశలో, అడవి తమ ఇల్లయిన తరువాత జరిగినది. "ఇది మారీచుని మాయ" అని లక్ష్మణుడు హెచ్చరించనే హెచ్చరించాడు. అది లీలయే అయినా, ఎన్నేళ్ళు గడిపినా అడవిలో ప్రక్కవాని హెచ్చరికను తోసివేయరాదన్న పాఠం మనకు మిగిలినది.

మహాభారత వనపర్వంలో రోమశ మహర్షి మరొక ఉదాహరణం. పాండవులను తీర్థయాత్రకు తీసుకొనిపోవడానికి వచ్చినప్పటికి ఆయన ఆ తీర్థాలను రెండు పర్యాయాలు సేవించి ఉన్నాడు, ధర్మరాజుతో మూడవసారి. రెండుసార్లు చూచినవాడు మొట్టమొదట ఏమి ఉపదేశించాడు? తన యాత్రలను వర్ణించలేదు. పరివారాన్ని తగ్గించుకొని తేలికగా బయలుదేరమన్నాడు. ధర్మజుడు ఆ మాట విని, ఆకలిదప్పులకు, శ్రమకు, చలికి ఓర్వలేనివారిని, మృష్టాన్నం కోరేవారిని గౌరవంగా వెనుకకు పంపాడు. అధికారి ఎవరో, కానివారెవరో బయలుదేరకముందే విచారించడం నాయకుని మొదటి ధర్మమని దీని తాత్పర్యం. ఇంత జాగ్రత్త పడినా గంధమాదన మార్గంలో గాలివాన ఎదురైనది, ద్రౌపదీదేవి సొమ్మసిల్లినది. అప్పుడు వారిని మోసుకొనిపోయినది ఎవరు? హిడింబా తనయుడైన ఘటోత్కచుడు, అతని అనుచరులు. అడవిలో పుట్టినవారు, అడవి ఎవరిదో వారు.

నల్లమలలో ఆ స్థానం చెంచులది. అహోబిల నరసింహుడు చెంచులక్ష్మిని పరిణయమాడినాడని మన సంప్రదాయం కొనియాడుతున్నది. స్వామిని అల్లునిగా భావించుకునే జాతి అది. చైత్రపౌర్ణమికి సలేశ్వరం లోయలోని లింగమూర్తికి పూజ చేసేదీ వారే. ఏ వాగులో ఏ మాసం వరకు నీరుంటుందో, ఏ వేళ ఎలుగుబంటి ఏ చెట్టు క్రిందికి వస్తుందో వారికి తెలుసు. "నీవు ఎన్నిసార్లు నడిచావు?" అని ఒక చెంచువృద్ధుని అడిగితే ఆ ప్రశ్నయే అతనికి వింతగా తోచవచ్చును. అనుభవం పరిపక్వమైనచోట లెక్క ఉండదు. శ్వాసను ఎవరు లెక్కిస్తారు? అయినా పదునెనిమిదవసారి వచ్చిన బృందనాయకుడు దారిప్రక్కన కూర్చున్న చెంచువానిని దాటి పోతాడే గాని, "అయ్యా, ముందు నీళ్ళున్నాయా?" అని అడగడు. అతని పదునెనిమిది యాత్రల విలువ అక్కడ తేలిపోతుంది.

హిమాలయం ఈ సత్యాన్ని మరింత కఠినంగా చెబుతున్నది. కైలాస పరిక్రమ సుమారు 52 కిలోమీటర్లు. అందులో డోల్మా కనుమ 5,600 మీటర్లకు పైబడిన ఎత్తు. అక్కడ ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో ఇంచుమించు సగం. ఆ ఎత్తులో వచ్చే జబ్బు యువకుడా వృద్ధుడా అని చూడదు. పోయినసారి క్షేమంగా వచ్చినవాడు ఈసారి కూడా క్షేమంగా వస్తాడన్న హామీ ఇవ్వదు. అందుకే లిపులేఖ్ మార్గంలో వెళ్ళే యాత్రికులకు ఢిల్లీలో ఒకసారి, గుంజి వద్ద మరొకసారి వైద్యపరీక్ష జరుపుతారు. అంతదూరం వెళ్ళి, కైలాసదర్శనం కాకుండానే గుంజి నుండి తిరిగి రావలసివచ్చిన భక్తుని స్థితి ఊహించండి. చేర్చిపెట్టుకున్న ధనం, చేసుకున్న సంకల్పం, ఊరివారు వేసిన దండలు, అన్నీ అతని భుజాలపై బరువవుతాయి. ఆ బరువుతో, కన్నీటితో, వాదించకుండా వెనుదిరిగినవాని యాత్ర విఫలమైనదని ఎవరనగలరు? ఫలాసక్తిని విడువమన్న గీతోపదేశాన్ని అతడు పాదాలతో పఠించాడు. లక్షణాలను దాచిపెట్టి ముందుకు సాగినవాడు శిఖరాన్ని చూచినా, చూచినది తన పట్టుదలనే.

అనుభవజ్ఞుని లక్షణాలను కాళ్ళలో గాక నడవడిలో వెదకవలెను. అతడు దారి అడుగుతాడు. తేలికగా నడుస్తాడు, తెచ్చిన ప్లాస్టిక్ సీసాను అడవికి అర్పించి రాడు. బృందంలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాని వేగమే తన వేగంగా చేసుకుంటాడు. ప్రొద్దు వాలుతున్నదని, నీరు తరుగుతున్నదని, ఒకరి ముఖం వాడినదని ముందుగా గుర్తిస్తాడు. "ఇక వెనుదిరుగుదాం" అనే మాటను సిగ్గుపడకుండా పలుకుతాడు. ఈ ఐదూ ఉన్నవాడు రెండవసారి నడుస్తున్నా బృందాన్ని నడపడానికి అర్హుడే. లేనివాడు ఇరవైయవసారి నడుస్తున్నా వెనుక నడవవలసినవాడే. పాదయాత్రా బృందాల పెద్దలు ఈ విచారణను ఈ ఏటినుండే ఆరంభిస్తే, మొదటిసారి వచ్చిన ముసలితల్లి ఒకామె దాహంతో దారిప్రక్కన కూలబడకుండా సన్నిధికి చేరుతుంది. అంతకన్నా గొప్ప అభిషేకం మల్లికార్జునునికి ఏముంటుంది?

ఒక్కసారి కూడా నడవలేనివారి మాట చివరిగా చెప్పుకోవలెను. మోకాళ్ళు సహకరించనివారు, ఇంటిలో రోగిని విడిచి రాలేనివారు, కూలిదినం పోగొట్టుకోలేనివారు, "మాకు ఆ అనుభవం లేదు" అని తలవంచుకుంటారు. కప్పులు కనబడని చోటికి వెళ్ళమన్న ఆ ఆరణ్యకమే, వెంటనే, గ్రామంలో ఉండియైనా మనస్సుతో స్వాధ్యాయం చేయవచ్చునని అనుమతిస్తున్నది. వేదమాత ఎవరినీ గుమ్మం బయట నిలబెట్టలేదు. కప్పు క్రిందనే కూర్చుని, తాను కట్టుకున్న రక్షణలేవీ శాశ్వతం కావని ఎరిగి, ఈశ్వరుని తలచినవానికి అరణ్యం ఇంటికే వస్తుంది.

కనుక ఈసారి అడవిదారిలో తోటి భక్తుడు ఎదురైనప్పుడు "ఎన్నవసారి?" అని అడగడం మానుదాం. "దాహంగా ఉన్నదా స్వామీ?" అని అడుగుదాం.

స్వస్తి.