‘చూద్దాం మేడం’ అనే మాట ఖరీదు

గల్ఫ్‌లో టీచరుగా పనిచేసే ఆడవాళ్లకు అందరూ ఉచితంగా ఇచ్చే సలహా ఒకటుంది. కాంట్రాక్టు గడువు దగ్గరపడినా మనంతట మనం అడగకూడదు, అడిగితే వాళ్ల కళ్లలో పడతాం, మన పని మనం చేసుకుపోతుంటే అదే వస్తుంది. ఈ మాట చెప్పేవాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు. సీనియర్ టీచర్లు, భర్తలు, ఊళ్లో ఉన్న అమ్మలు. కానీ ఈ సలహాని మనం ఇదివరకు ఎక్కడ విన్నామో గుర్తు తెచ్చుకోవడం కష్టం కాదు. అత్తారింట్లో నోరెత్తకుండా ఉంటే నాలుగేళ్లకి వాళ్లే అర్థం చేసుకుంటారని చెప్పి సాగనంపిన సలహా ఇదే. ఊరు మారి, దేశం మారి, స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి కూర్చుంది.

షార్జాలో ఒక భారతీయ సిలబస్ స్కూల్లో 2014 నుంచి 2024 వరకు లెక్కలు చెప్పాను. లెక్కల టీచరుని కాబట్టి ఈ ఆలస్యాన్ని కూడా లెక్కగానే చూస్తాను. ఆఫీసు వాళ్ల బద్ధకమనీ, మేనేజ్‌మెంట్ వారు ఊళ్లో లేరనీ, సంతకం ఒక్కటే మిగిలిందనీ చెబుతారు. పదేళ్లపాటు ప్రతి ఏడూ అదే నెలలో, అదే వరసలో, అదే రకం మనుషుల కాగితాలే ఆగిపోతుంటే దాన్ని బద్ధకం అనగలమా? బద్ధకానికి ఇంత క్రమశిక్షణ ఉండదు.

ఆ క్యాలెండర్ ఎలా నడుస్తుందో చెబుతాను. అక్కడి భారతీయ స్కూళ్లలో కొత్త విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. వేరే స్కూళ్లలో ఖాళీలు జనవరి, ఫిబ్రవరిల్లో తెలుస్తాయి, మార్చి చివరికి నిండిపోతాయి. జనవరిలో అడిగితే ‘ఇంకా టైముంది కదా మేడం’ అంటారు. ఫిబ్రవరిలో ‘చూద్దాం మేడం’. మార్చిలో పరీక్షలు, పేపర్లు దిద్దడం, రిజల్టు. మార్చి ఇరవై ఎనిమిదిన పిలిచి పాత జీతానికే, ఒక్కోసారి అంతకంటే తక్కువకే కాగితం ముందు పెడితే, ఆ టీచరు దగ్గర బేరమాడటానికి ఏం మిగిలింది? తలుపులన్నీ మూసుకునేదాకా కూర్చోబెట్టడమే ఆ మూడు నెలల పని. జీతం పెంచకుండా ఉండటానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే చట్టం పేరు చెప్పి భయపెట్టేది కూడా వాళ్లే. యుఏఈలో 2022 ఫిబ్రవరి 2 నుంచి కొత్త కార్మిక చట్టం అమల్లోకి వచ్చింది. అంతకుముందు గడువు లేని కాంట్రాక్టులు ఉండేవి. వాటన్నిటినీ తీసేసి అందరినీ గడువున్న కాంట్రాక్టుల్లోకి మార్చారు. దాంతో పాత టీచర్లకు కూడా నెత్తిమీద ఒక తేదీ వచ్చి కూర్చుంది. అయితే అదే చట్టంలో మనకు పనికొచ్చే మాట ఒకటుంది. గడువు ముగిశాక కూడా ఇద్దరూ ఏమీ అనుకోకుండా పని కొనసాగిస్తే పాత కాంట్రాక్టు అవే షరతులతో పొడిగించినట్టే లెక్క. పొడిగించిన కాలమంతా మొత్తం సర్వీసులో కలుస్తుంది. ‘కొత్త కాంట్రాక్టు కాబట్టి సర్వీసు మళ్లీ ఒకటి నుంచి లెక్క’ అని మా ఆఫీసులో ఎంతమందితో సంతకాలు పెట్టించారో! గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆ పైన ఏడాదికి 30 రోజులు. ఐదేళ్లు దాటిన టీచరు యాజమాన్యానికి ఖరీదవుతుంది. నాలుగో ఏడు దాటుతున్నవాళ్ల కాగితాలే ఎక్కువగా ఎందుకు ఆగుతాయో ఇప్పుడు మీరే చెప్పండి.

కాంట్రాక్టు చట్టంలో బతికి ఉన్నంత మాత్రాన చేతిలో బతుకు ఉండదు, అది వేరే సంగతి. పని పర్మిట్, వీసా, ఎమిరేట్స్ ఐడీ అన్నీ ఒకే తాడుకి కట్టి ఉంటాయి. ఐడీ గడువు దాటితే బ్యాంకు ఖాతా ఆగిపోతుంది. వీసా ముగిశాక ఇచ్చే వెసులుబాటు రోజులు కూడా దాటితే రోజుకు 50 దిర్హామ్‌ల జరిమానా. ఆలస్యం చేసింది ఒకరు, ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర తల దించుకుని నిలబడేది ఇంకొకరు. ఆ ఏడు ఊళ్లో తమ్ముడి పెళ్లికి వెళ్లలేకపోయిన ఒక సహోద్యోగిని నాకు తెలుసు. వెళ్తే తిరిగి రానివ్వరేమోనన్న భయంతో ఫోన్‌లోనే తలంబ్రాలు చూసింది.

ఇక ఇందులో ఆడవాళ్ల ప్రత్యేకమైన వాటా ఏమిటంటారా? మా స్టాఫ్‌రూమ్‌లో పది మందిలో తొమ్మిది మంది ఆడవాళ్లే. ఉన్న కొద్దిమంది మగ టీచర్ల కాంట్రాక్టులు ఫిబ్రవరిలోనే వచ్చేసేవి. ‘ఆయనకు కుటుంబం ఉంది కదా’ అనేవారు. మాకేమో కుటుంబం ఉండటమే ఆలస్యానికి కారణం. ‘మీ ఆయన మంచి ఉద్యోగంలోనే ఉన్నారుగా మేడం, మీకేం తొందర?’ అని ఒక అధికారి నాతోనే అన్నారు. ఒకే పదార్థం, మగవాడి విషయంలో అర్హత, ఆడదాని విషయంలో అనర్హత.

భర్త వీసా మీద ఉండి పనిచేసే టీచర్ల పరిస్థితి మరీ విచిత్రం. వాళ్లకు ఇల్లు ఇవ్వక్కర్లేదు, టికెట్ ఇవ్వక్కర్లేదు, వీసా ఖర్చు లేదు. అందుకని వాళ్లని తీసుకోవడానికి స్కూళ్లు ఎగబడతాయి, జీతం మాత్రం తక్కువ. పనిలో చేరేటప్పుడు మా స్కూల్లో భర్త దగ్గర్నుంచి ‘అభ్యంతరం లేదు’ అనే పత్రం తెమ్మనేవారు. ఇంట్లో ఒక స్పాన్సర్, స్కూల్లో ఒక యజమాని, మధ్యలో ఆమె. ఆడామగా ఒకే పనికి ఒకే వేతనం ఇవ్వాలని 2020 సెప్టెంబర్ నుంచి ఆ దేశపు చట్టమే చెబుతోంది. కానీ స్కూలు వీసా టీచరుకి, భర్త వీసా టీచరుకి జీతంలో తేడా ఉంటే? ఇద్దరూ ఆడవాళ్లే. పోల్చడానికి మగవాడు లేడు కాబట్టి వివక్ష కూడా లేదట! ఆడవాళ్లే నిండిన వృత్తిలో సమాన వేతనం ఎంత సులువుగా మాయమవుతుందో చూడండి. పైగా భర్త వీసా వాళ్లకి గ్రాట్యుటీ రాదని ఒక ప్రచారం. అది అబద్ధం. లేబర్ కార్డు ఉన్నాక హక్కు ఉంటుంది, వీసా ఎవరిదైనా సరే.

గర్భిణి టీచర్ల కాగితం గురించి వేరే చెప్పాలా? ప్రసూతి సెలవు 60 రోజులు, అందులో 45 రోజులు పూర్తి జీతంతో, 15 రోజులు సగం జీతంతో. గర్భం కారణంగా ఉద్యోగం నుంచి తీసేయడం చట్టవిరుద్ధం. తీసేస్తేనే కదా చట్టం అడిగేది? ఎవరూ తీసెయ్యరు. గడువు దానంతటదే ముగుస్తుంది. ‘నాన్ రెన్యువల్’ అనే మాటకి చేతులుండవు, రక్తపు మరక ఉండదు. అందుకే మా స్కూల్లో పెళ్లయిన చిన్నవయసు టీచర్లు ఐదో నెల వచ్చేదాకా వదులు కుర్తాల్లో కడుపు దాచుకుని తిరిగేవారు, రెన్యువల్ సంతకం పడేదాకా ఎవరికీ చెప్పకుండా. కడుపులో ఉన్న బిడ్డని హెచ్ఆర్ వాళ్లకి తెలియకుండా మోయడం! ఇది నేను చూసిన వాటిలో అన్నిటికంటే నీచమైనది.

నేను ఇలా మాట్లాడినప్పుడల్లా ఒక ఎదురు వాదన వస్తుంది. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్ల బతుకులతో పోలిస్తే మీకేం తక్కువ, ఏసీ గదుల్లో పాఠాలు చెప్పుకుంటూ? నిజమే, పోలికే లేదు. వాళ్లకి వారానికో సెలవు కోసం కూడా పోరాటమే. కానీ ఈ పోలిక తెచ్చేవాళ్లు ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్ల కోసం ఎప్పుడైనా ఒక్క మాట మాట్లాడారా? వాళ్ల కన్నీళ్లు మా నోరు మూయించడానికి మాత్రమే గుర్తొస్తాయి. స్పాన్సర్ చేతిలో తాడు ఇద్దరిదీ ఒకటే. మాది కొంచెం పొడుగు తాడు. ఇక సొంత ఊరి సంగతి. మన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో కాంట్రాక్టు టీచర్లు ఏటేటా పొడిగింపు కోసం ఎదురుచూసే పద్ధతి నాకు తెలియంది కాదు. 2024 డిసెంబర్‌లో తెలంగాణలో సమగ్ర శిక్ష ఉద్యోగులు సమ్మెకు దిగారు. మేం ఆ వార్తల్ని ఫోన్లలో చూసినవాళ్లం. అక్కడ యుఏఈలో సంఘం పెట్టుకునే హక్కు లేదు, సమ్మె హక్కు లేదు. ఆ ఒక్క తేడా చాలా పెద్దది.

మరి ఏం చెయ్యాలి అంటే, 2023లో మేం చేసింది చెబుతాను. అది విప్లవం కాదు. ఫిబ్రవరి మొదటి వారంలో ఏడుగురం ఎవరి ఉత్తరం వాళ్లం, ఎవరి పేరుతో వాళ్లం, ఒకే రోజున పంపాం. ఉమ్మడి ఉత్తరం కాదు, అది అక్కడ కుదరదు. అందరూ అడిగింది ఒకటే: నా కాంట్రాక్టు ఫలానా తేదీతో ముగుస్తోంది, పొడిగిస్తారా లేదా అన్నది ఏ తేదీలోపు రాతపూర్వకంగా చెబుతారు? గమనించండి, ‘పొడిగించండి’ అని అడగలేదు. తేదీ అడిగాం. ప్రాధేయపడితే దయ చూపే అవకాశం వాళ్లకి వస్తుంది. తేదీ అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది. నోటీసు గడువు 30 నుంచి 90 రోజుల మధ్య కాంట్రాక్టులో ఎంత రాసుకున్నామో చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టి ఆ తేదీ వేశాం. ఉత్తరం పంపే ముందే ప్రతి ఒక్కరం మంత్రిత్వ శాఖ యాప్‌లోంచి మన కాంట్రాక్టు కాపీ దించుకున్నాం. స్కూలు ఇచ్చిన కాగితంలో ఒక మూల వేతనం, ప్రభుత్వం దగ్గరున్న దానిలో ఇంకో మూల వేతనం ఉన్న సంగతి ఇద్దరికి అప్పుడే తెలిసింది. పాస్‌పోర్టులు ఆఫీసులో ఉన్నవాళ్లు వాటిని తిరిగి అడిగి తెచ్చుకున్నారు. వాటిని ఉంచుకునే హక్కు ఏ యజమానికీ లేదు.

తొమ్మిది రోజుల్లో జవాబులొచ్చాయి. ఐదుగురికి పొడిగింపు. ఇద్దరికి లేదు. ఆ ఇద్దరిలో ఒకరు ఐదో నెల గర్భిణి. ఓడిపోయాం కదా అని స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ అంది. అయితే ఆమెకి ‘లేదు’ అనే మాట ఫిబ్రవరిలో, తేదీతో, సంతకంతో వచ్చింది. మార్చి ఇరవై ఎనిమిదిన కాదు. గ్రాట్యుటీ లెక్క తనే వేసి ఇచ్చింది, వాళ్లు వేసిన దానికంటే ఎక్కువ వచ్చింది. టికెట్ డబ్బులు రాబట్టింది. పని వదిలిన రెండేళ్లలోపు బకాయిల కోసం ఫిర్యాదు చేసే వీలు 2024 సవరణతో వచ్చింది. ఆమె రోజుల్లో అది ఒక్క ఏడాదే. అన్యాయం జరగలేదని నేననను. కానీ చీకట్లో జరగలేదు.

ఇప్పుడు మన తెలుగు సంఘాల గురించి ఒక మాట. కాంట్రాక్టుల వారాల్లోనే ఉగాది వస్తుంది. దుబాయ్, షార్జా, అబుదాబిల్లో హాళ్లు నిండిపోతాయి. పంచాంగ శ్రవణంలో మన రాశికి ఆదాయం ఎంతో, వ్యయం ఎంతో చెబుతారు. పచ్చడి కలిపేది, పిల్లలతో పద్యాలు వల్లె వేయించేది, స్టేజీ వెనక పిన్నులు పెట్టేది ఈ టీచరమ్మలే. వాళ్ల కాంట్రాక్టుల గురించి వేదిక మీద ఎవరైనా మాట్లాడటం ఈ పదేళ్లలో నేను వినలేదు. ఒక సంఘం వారి ఉగాది సంచికలో ఈ లెక్కలన్నీ ఒక పేజీలో వేయమని అడిగాను. వివాదాల జోలికి వెళ్లడం తమ సంప్రదాయం కాదన్నారు. పట్టుచీరల దుకాణాలకి నాలుగు పేజీలు దొరికాయి.

ఆ పేజీ నేనే రాశాను. గ్రాట్యుటీ లెక్క, నోటీసు లెక్క, తేదీ అడిగే ఉత్తరం నమూనా. ఇద్దరు సహోద్యోగినులు దాన్ని మలయాళంలోకి మార్చారు, తమిళంలో ఇంకా కావాలి. జనవరి ముగిసేలోపు ఆ కాగితాలు స్టాఫ్‌రూమ్‌లకి చేరితేనే ఉపయోగం.