జీతం గొడవా? మాట గొడవా?

మొన్న ఊరి నుంచి వచ్చిన మా హేతువాద సంఘం మిత్రుడొకాయన ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మా గదికొచ్చారు. టీ తాగుతూ ఒక మాటన్నారు: "యూనివర్సిటీ మాస్టార్ల సంఘాలకి డీఏ, పే కమిషన్ తప్ప ఏం పట్టదండీ. భావప్రకటనా స్వేచ్ఛకీ వాళ్ళకీ ఏం సంబంధం? ధైర్యం ఉన్నవాడు ఎలాగూ మాట్లాడతాడు. లేనివాడికి సంఘం ఉన్నా ఒకటే."

ఈ మాట మనవాళ్ళలో చాలామంది దగ్గర విన్నాను. ఇది తప్పు. ఎందుకు తప్పో నా సంగతితోనే మొదలుపెడతాను.

నేనిక్కడ ఒక కోచింగ్ సెంటర్లో సివిల్స్ పిల్లలకి పాలిటీ చెప్తాను. రాజ్యాంగంలో 51ఏ(హెచ్) ఉంది. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అంటుంది. 1976లో 42వ సవరణతో వచ్చింది. ఒకసారి ఆ పాఠంలో, పరీక్ష ఫారం నింపడానికి ముహూర్తం చూసుకుంటే ఈ విధి పాటించినట్టేనా అని అడిగాను. కొందరు నవ్వారు, కొందరు గట్టిగా వాదించారు. మంచి క్లాసు. మర్నాడు ఓనరు పిలిచారు. కోప్పడలేదు. "ఆ ఉదాహరణ తీసేద్దాం సార్, అడ్మిషన్ల టైము" అన్నారు. మెమో లేదు, విచారణ లేదు. నేను తీసేశాను. తర్వాతి బ్యాచ్‌కి ఆ అధికరణం చదివి వినిపించి ముందుకెళ్ళిపోయాను.

పిరికివాడినంటారా? అనండి. కానీ వచ్చే నెల జీతం ఒక్క మనిషి చేతిలో ఉన్నప్పుడు ధైర్యానికి ఎంత చోటుంటుందో కూడా లెక్కేయండి. 2023 ఆగస్టులో, చదువుకున్నవాళ్ళకి ఓటెయ్యమని వీడియోలో చెప్పిన టీచర్ని అన్‌అకాడమీ తీసేసింది. క్లాసు సొంత అభిప్రాయాలు చెప్పే చోటు కాదంది. 2024 జులై 27న ఇదే ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ లైబ్రరీలోకి వాననీళ్ళు వచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. రోడ్డు మీద కూర్చున్నది పిల్లలు. పేరున్న మాస్టార్లు నోరు విప్పరేం అని అడిగిందీ వాళ్ళే. మాకు సంఘం లేదు. ఒక్కొక్కళ్ళం విడివిడిగా నోరు మూసుకున్నాం.

ఇక్కణ్ణుంచి మెట్రోలో గంట లోపు ఢిల్లీ యూనివర్సిటీ వస్తుంది. అక్కడ సంఘం ఉంది, డూటా అంటారు. అకడమిక్ కౌన్సిల్లో టీచర్లు ఎన్నుకున్న ప్రతినిధులుంటారు. అక్కడేమైనా స్వర్గమా? కాదు. 2011 అక్టోబర్ 9న ఏ.కె. రామానుజన్ రాసిన 'మూడువందల రామాయణాలు' వ్యాసాన్ని బీఏ చరిత్ర సిలబస్ నుంచి తీసేశారు. నలుగురు నిపుణుల్ని అడిగితే ముగ్గురు ఉంచవచ్చన్నారు. అయినా కౌన్సిల్లో ఎదురు చెప్పింది తొమ్మిదిమందే. 2021లో మహాశ్వేతాదేవి 'ద్రౌపది' కథనీ, బామ, సుకీర్తరాణి రచనల్నీ ఇంగ్లీషు సిలబస్‌లోంచి తప్పించారు. ఎన్నికైన సభ్యులు అసమ్మతి పత్రం ఇచ్చారు. అప్పుడూ ఓడిపోయారు.

"మరి సంఘం ఏం పొడిచినట్టు?" అంటారు మిత్రుడు. ఆ అసమ్మతి కాగితం మీద ఉంది. సంతకాలు పెట్టినవాళ్ళు మర్నాడు మళ్ళీ క్లాసుకెళ్ళారు. ఎవరు తీశారో, ఏ కారణం చెప్పారో దేశమంతా చర్చించింది. నా ముహూర్తం ఉదాహరణ పోయిన సంగతి ఓనరుకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

మన చరిత్రే చూడండి. గోరా గారు వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకులు. నాస్తికుడైనందుకు 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీ ఉద్యోగం పోయింది. తర్వాత మచిలీపట్నం హిందూ కాలేజీలోనూ అదే చిక్కు. 1940లో ముదునూరు వెళ్ళి నాస్తిక కేంద్రం పెట్టారు. ఆయన ధైర్యాన్ని మనం ఏటా సభల్లో పొగుడుతాం. ఆ కాలేజీల్లో నమ్మకం పోయినా నోరెత్తని మాస్టార్లు ఎంతమంది ఉండి ఉంటారో అడగం. గోరా గారంతటి వాళ్ళు ఎక్కడో ఒకరుంటారు. హక్కు మామూలు మనిషికి కూడా అందాలి.

2000లో ఉస్మానియా రిజిస్ట్రార్, సామాజిక ఉద్రిక్తత పెంచే రాతలు మానుకోమని కంచ ఐలయ్య గారికి ఉత్తరం రాశారు. ఆయన మానలేదు. ఆయన తెగువ సరే, అది పర్మనెంటు ఉద్యోగం కావడం కూడా చిన్న విషయం కాదు. 2018లో ఢిల్లీ యూనివర్సిటీ స్టాండింగ్ కమిటీ ఆయన పుస్తకాల్ని ఎంఏ సిలబస్ నుంచి తీసేయమంటే, ఆ శాఖ అధ్యాపకులే అభ్యంతరం చెప్పారు.

ఇప్పుడు డీఏ సంగతి. ఢిల్లీ కాలేజీల్లో ఏళ్ళ తరబడి వేలమంది అడ్‌హాక్ మీద బతికారు, నాలుగేసి నెలల నియామకం. నాలుగు నెలలకోసారి ప్రిన్సిపాల్ దయ కావలసినవాడు క్లాసులో ఏం మాట్లాడతాడు? వాళ్ళ స్థానంలో గెస్టుల్ని పెట్టుకోమన్న 2019 ఆగస్టు సర్క్యులర్ మీద డూటా అదే డిసెంబర్లో సమ్మె చేసింది, ప్రభుత్వం దిగొచ్చింది. దాన్ని జీతం గొడవ అంటారు. నేను మాట గొడవ అంటాను.

ఇంకో ప్రశ్న వస్తుంది. "సంఘం జ్యోతిషం చెప్పేవాణ్ణి కూడా కాపాడాలా?" మాట్లాడే హక్కు వేరు, సబ్జెక్టు నిర్ణయించే హక్కు వేరు. 2001లో యూజీసీ యూనివర్సిటీల్లో జ్యోతిషం కోర్సులకి తలుపు తీసింది. సీసీఎంబీ వ్యవస్థాపకులు పి.ఎం. భార్గవ గారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2004లో ఓడిపోయారు. ఏది శాస్త్రమో ఆ శాస్త్రం చదివినవాళ్ళు తేల్చాలి తప్ప పైనుంచి దిగకూడదు. అకడమిక్ స్వేచ్ఛ అంటే అదే. అది లేకపోతే రామానుజన్ పోతాడు, జ్యోతిషం వస్తుంది. రెండూ ఒకే దారిలో జరుగుతాయి.

సంఘాల తప్పుల్లేవా? బోలెడున్నాయి. తమ పార్టీ అధికారంలో ఉంటే నోరు మెదపనివాళ్ళున్నారు. అసలు పరీక్ష తమకి నచ్చని సభ్యుడి దగ్గరే. అమలాపురం నుంచి వచ్చిన జి.ఎన్. సాయిబాబా రామ్‌లాల్ ఆనంద్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు. 2014లో అరెస్టు, 2017లో శిక్ష. అప్పీలు తేలకముందే 2021 మార్చి 31 నుంచి కాలేజీ ఉద్యోగం తీసేసింది. 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నిర్దోషి అంది. ఉద్యోగం తిరిగి రాలేదు. అదే ఏడాది అక్టోబర్ 12న హైదరాబాద్ నిమ్స్‌లో చనిపోయారు. ఆయన రాజకీయాలతో నాకు పొత్తు లేదు. ఆయన ఉద్యోగం విషయంలో నోరెత్తని హేతువాది, రేపు ముహూర్తం ఉదాహరణ కోసం ఎవరో వస్తారని ఎలా ఎదురుచూస్తాడు?

మా మిత్రుడు టీ ముగించి, "అయితే మీ వీధిలో సంఘం పెట్టండి మరి" అన్నారు. వెక్కిరింపుకే అన్నారు. నేను మాత్రం పక్క సెంటర్లో ఎకానమీ చెప్పే ఆయన్ని ఆదివారం గదికి రమ్మన్నాను. ఇంకో ఇద్దరు వస్తామన్నారు.