ముంపు ఊళ్ల కోసం డెల్టా రైతే ముందు అడగాలి



గోదావరి మీద కడుతున్న పోలవరం ప్రాజెక్టులో డయాఫ్రమ్ వాల్ ఎంతవరకు వచ్చింది, ప్రధాన డ్యామ్ ఎప్పటికి లేస్తుంది అన్న వార్తలు మా వైపు అందరం ఆత్రంగా చదువుతాం. చదవక ఎలా ఉంటాం? పట్టిసీమ పంపులు తోడిన గోదావరి నీళ్లు పోలవరం కుడికాలువ మీదుగా వచ్చి కృష్ణలో కలిసేది మా ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గరే. ఎగువన సాగర్ నిండని ఏడు కూడా తూర్పు డెల్టాలో నారుమళ్లు వేళకు పడ్డాయంటే ఆ నీటి చలవే. పామర్రు వైపు మాకూ కాస్త పొలం ఉంది. జూలైలో కాలువలో ఎర్రనీళ్లు కనపడగానే గోదారొచ్చిందని ఒకరికొకరు చెప్పుకుంటారు, దమ్ములు మొదలవుతాయి.

కాబట్టి ప్రాజెక్టు ఆపమని ఈ ఉత్తరం రాయడం లేదు. ముంపు ఊళ్లలో ఆఖరి కుటుంబానికి భూమికి భూమి, ఇంటికి ఇల్లు చేతికందేదాకా జలాశయంలో నీళ్లు నిలపకూడదని, ఆ మాట అందరికంటే ముందు డెల్టా రైతే అనాలని నా వాదన.

రెండు నదుల నీళ్లూ కలిసే ఇక్కడి పవిత్ర సంగమం ఘాట్‌ను 2016 కృష్ణా పుష్కరాలకు కట్టారు. హారతులు పట్టాం, దణ్ణాలు పెట్టుకున్నాం. గోదావరి మీద ఇంకో సంగమం ఉంది, శబరి వచ్చి కలిసే కూనవరం. పూర్తి మట్టం 45.72 మీటర్లకు నీళ్లు నిలిపితే కూనవరం మునుగుతుంది. చింతూరు, వి.ఆర్.పురం, వేలేరుపాడు, కుక్కునూరు మండలాల్లోనూ ఊళ్లకు ఊళ్లే పోతాయి. 2014లో ఆ మండలాలను ఖమ్మం జిల్లా నుంచి విడదీసి మన రాష్ట్రంలో కలుపుకున్నది ఈ ప్రాజెక్టు కోసమే. మొత్తం 373 ఆవాసాలు, లక్షకు పైగా కుటుంబాలు. వాళ్లలో దాదాపు సగం మంది కోయలు, కొండరెడ్లు వంటి ఆదివాసులు.

మొదటి దశ పేరుతో 41.15 మీటర్ల దగ్గర గీత గీసి, దాని లోపల 38,060 కుటుంబాలున్నట్టు లెక్క తేల్చారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు, ఆ గీతకు అవతల ఉన్నాయన్న ఊళ్లు కూడా నీళ్లలోనే ఉన్నాయి. జనం పిల్లల్నీ మేకల్నీ తోలుకుని కొండలెక్కి టార్పాలిన్ల కింద రోజులు గడిపారు. ముందు నుంచీ దేవీపట్నం వైపు ఇదే కథ. తాత్కాలికంగా కట్టే కాఫర్ డ్యామ్ నదికి అడ్డం పడ్డాక, ప్రధాన డ్యామ్ పూర్తి కాకముందే ఊళ్లు మునిగాయి. పునరావాసం అందనివాళ్లను వరదే బయటికి తోలింది. తమ నేల కోసం, నది కోసం నోరెత్తిన ఆదివాసుల మీద తుపాకులే పేలిన సందర్భాలున్నాయి. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న భూముల గోడు చెప్పుకోవడానికి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మందని సర్కారు చెప్పింది, అంతకు ఎన్నో రెట్లని హక్కుల సంఘాలు చెప్పాయి. హోండురస్‌లో తమ నది మీద ఆనకట్ట వద్దన్న లెంకా ఆదివాసుల నాయకురాలు బెర్తా కాసెరెస్‌ను 2016 మార్చిలో ఆమె ఇంట్లోనే కాల్చి చంపారు. పోలవరంలో తుపాకీ పేలకపోవచ్చు. మనుషులు ఉండగానే నీళ్లు ఎక్కనివ్వడాన్ని నేను హింస అనే అంటాను.

కొండరెడ్డి కుటుంబానికి పోయేదేమిటో చూడండి. నాలుగు గోడల ఇల్లు అందులో చిన్న ముక్క. కొండపోడులో జొన్న, కంది. అడవిలో వెదురు, ఇప్పపువ్వు, తునికాకు, అడ్డాకు, కొండచీపుర్లు, చింతపండు. ఇంటి పక్కన జీలుగు చెట్టు. ఇవి సంవత్సరం పొడవునా ఒకదాని తర్వాత ఒకటి చేతికొస్తాయి. ఏజెన్సీ బయట వరసగా కట్టిన కాలనీ ఇంట్లో ఇవేవీ ఉండవు. కూలికి పోవాలి, బియ్యం కొనుక్కోవాలి. గిరిజనేతరులు భూమి కొనకుండా కాసే 1/70 చట్టం కూడా అక్కడ ఉండదు.

పోడుకు పట్టా లేదు కాబట్టి పరిహారం లేదనే సమాధానం ఇంకా వినిపిస్తోంది. 2013 భూసేకరణ చట్టం అడవి హక్కులు కోల్పోయేవాళ్లను కూడా నిర్వాసితుల్లోనే చేర్చింది. సాగునీటి ప్రాజెక్టు కింద భూమి పోయిన ఎస్సీ, ఎస్టీలకు పోయినంత భూమి, లేదా రెండున్నర ఎకరాలు, రెంటిలో ఏది తక్కువైతే అది ఇవ్వాలంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ సమ్మతి ముందుగా తీసుకోవాలంది. పోలవరంలో చాలా భూములు అంతకు ముందే, ఎకరా లక్ష, లక్షన్నర మధ్య తీసేసుకున్నారు. ఆ డబ్బుతో ఇవాళ మైదానంలో పది సెంట్లు రావు.

మా ఎదురొడ్డునే అమరావతి. అక్కడ రాజధానికి మెట్ట ఎకరా ఇచ్చిన రైతుకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, పైగా ఏటా కౌలు రాసిచ్చారు. ప్రభుత్వం మాట తప్పినప్పుడు ఆ రైతులు ఏళ్ల తరబడి శిబిరాల్లో కూర్చున్నారు, కోర్టుకెక్కారు. అది న్యాయమని మనలో చాలామందిమి వాళ్ల వెంట నిలబడ్డాం. అదే న్యాయం కూనవరం కోయకు ఎందుకు వర్తించదు? వాళ్ల ఊరు టీవీ కెమెరాలకు దూరం, అంతే తేడా.

ముందు పునరావాసం, తర్వాతే నీళ్లు అనేది కొత్త కోరిక కాదు. నర్మద ట్రైబ్యునల్ 1979లోనే, ముంపుకు ఏడాది ముందే నిర్వాసితులకు భూమి ఇవ్వాలని రాసింది. సర్దార్ సరోవర్ విషయంలో సుప్రీంకోర్టు 2000లో, పునరావాసం ఎంత జరిగితే డ్యామ్ ఎత్తు అంతే పెంచాలంది. అక్కడ అమలు ఎంత కుంటుపడిందో తెలిసిందే. అందుకే పోలవరంలో ఎవరెవరికి ఏమిచ్చారో ఊరివారీగా జాబితా గ్రామసభలో చదివి, అక్కడి జనం ఔనన్నాకే గేట్లు దించాలి.

మన సాగునీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి, పాలకవర్గాలు ఉన్నాయి. కాలువలకు నీళ్లు ఎప్పుడు వదలాలో చర్చించే సమావేశం ఏటా ఖరీఫ్‌కు ముందు ఉంటుంది. ఈసారి ఆ సమావేశంలో, 41.15 లోపలి కుటుంబాలన్నిటికీ, 2022లో మునిగిన ఊళ్లకూ పునరావాసం పూర్తయ్యేదాకా జలాశయం నింపవద్దని తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపమని కృష్ణా డెల్టా సంఘాలను కోరుతున్నాను. మా ఊరి నుంచి సంతకాలు నేను సేకరిస్తాను.

— ఒక పాఠకుడు,
ఇబ్రహీంపట్నం, ఎన్టీఆర్ జిల్లా