పెన్నేరుగడ్డయు మనోవ్యాకులతయు

నిద్రపట్టుట లేదనియు, గుండె దడయనియు చెప్పని యిల్లాలు నేఁడు అరుదు. అందులకు అశ్వగంధ మాత్రలు మా యిబ్రహీంపట్నపు మందుల యంగళ్లలోనికిని వచ్చినవి. ఇది క్రొత్తది కాదు, మన పెన్నేరుగడ్డయే. వేరునకు గుఱ్ఱపు వాసన యుండుటచే నా సంస్కృతనామము కలిగినది. చరకుఁడు దీనిని బలము నిచ్చు మూలికలలోఁ జేర్చెను.

మన మూత్రపిండములపై టోపీలవలె రెండు చిన్న గ్రంథులు గలవు. భయము, శ్రమ కలిగినపు డవి కార్టిసాల్ అను రసమును రక్తములోనికి విడుచును. అది శత్రువు కాదు. వేకువను పెరిగి మనల పనికి సిద్ధపఱచునదియు నదియే. రాత్రికి తగ్గవలెను. ఎడతెగని చింతవలన నీ క్రమము చెడవచ్చును.

పెన్నేరు దానిని తగ్గించునా? మాకు చేరువనున్న హైదరాబాదులోని ఆశా ఆసుపత్రి వైద్యులు దీనిని పరీక్షించి 2012లో ఫలితములు ప్రకటించిరి. 64 మందిలో సగమునకు వేరుసారము 300 మిల్లీగ్రాములు దినమునకు రెండుమార్లు, తక్కినవారికి అట్లే కనఁబడు వట్టి మాత్ర, 60 దినము లిచ్చిరి. ఎవరిది యేదో యిచ్చువారికిని తెలియదు. సారము పుచ్చుకొన్నవారికి కార్టిసాల్ నూటికి సుమారు 28 వంతులు తగ్గెను. వట్టి మాత్రవారికి సుమారు 8. మందు లేకయే కొంత తగ్గినది చూచితిరా! అందుచేతనే "నాకు గుణ మిచ్చినది" అను పొరుగింటి సాక్ష్యము చాలదు.

మావారు లెక్కలు చెప్పువారు గనుక, అంత కొద్దిమంది చాలుదురా యని యడిగిరి. చాలరు. తరువాత మఱికొన్ని పరీక్షలు జరిగినను అవియుఁ జిన్నవే, కొలఁది వారములవే. ఏండ్ల తరబడి వాడినచో నేమగునో వానివలనఁ దేలదు. పరీక్షింపఁబడినది గాఢమైన సారము. ఇంట పాలలోఁ గాచు చూర్ణమునకు ఆ లెక్క వర్తింపదు.

గర్భవతియగు కోడలికి బలమని దీనిని పెట్టు నత్తగారు కొంద ఱున్నారు. అది కూడదు, గర్భిణులు దీనిని వాడరాదని నేఁటి వైద్యులు వారించుచున్నారు. థైరాయిడ్ మాత్రలు మ్రింగువారును వైద్యు నడుగక ముట్టరాదు. ఈ వేరు ఆ గ్రంథిరసమును పెంచవచ్చును. నిద్రమాత్రలతోఁ గలిసిన మత్తు హెచ్చును. అరుదుగా కాలేయము చెడినవారును గలరు. కన్నులు పచ్చబడినను, మూత్రము ముదురు రంగు తిరిగినను, తక్షణమే మాని, సీసా చేతఁబట్టుకొని వైద్యుని యొద్దకుఁ బోవలెను.