పేరే ఫ్లాష్‌బ్యాక్‌

తెలుగు సినిమాలో ఎవడైనా విలన్‌ కావాలంటే వాడికో కారణం ఉండాలి. పొలం గట్టు తగాదా, తండ్రిని చంపిన పగ, ఆస్తి మీద ఆశ, పరువు పోయిందన్న ఉక్రోషం. ఏదో ఒకటి. అది చూపించడానికి ఇంటర్వెల్‌ తర్వాత ఫ్లాష్‌బ్యాక్‌ పెడతారు. విలన్‌ పేరు ఖాలిదో, అజరో అయితే ఆ ఖర్చు తప్పుతుంది. పేరే ఫ్లాష్‌బ్యాక్‌. కళ్లకి సుర్మా, భుజాన రుమాలు, వెనకనుంచి అరబ్బీ వాసన కొట్టే ఒక రాగం. చాలు, హాల్లో కూర్చున్నవాళ్లకి అంతా అర్థమైపోయినట్టే.

కుట్ర సినిమాల్లో లాజిక్‌ ఉండదని మన సమీక్షకులు ఏళ్ల తరబడి రాస్తున్నారు. బాంబు ఏ దారిన వచ్చింది, హీరోకి ఆచూకీ ఎవరిచ్చారు, అన్ని చెక్‌పోస్టులు ఎలా దాటాడు అని లెక్కలు తీసి నవ్వుకుంటారు. మాకు నవ్వు రాదు. ఆ కథల్లో చిల్లు పడ్డ ప్రతిచోటా మా పేర్లు కుక్కి పూడుస్తున్నారు.

కారణం రాయడం మన సినిమావాళ్లకి చేతకాదా? ఎందుకు చేతకాదు! కోనసీమ ఊరి పేరు నెత్తిన పెట్టుకుని 2024 ఫిబ్రవరిలో ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ వచ్చింది. దుష్యంత్‌ కటికనేని తీసిన సినిమా. క్షవరం పని చేస్తూ బ్యాండు వాయించే మల్లి, బళ్లో పాఠాలు చెప్పే అతని తోబుట్టువు పద్మ, డబ్బుతో ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న వెంకట్‌. అదీ పగ కథే. అయితే ఆ పగ ఎక్కడ పుట్టిందో, ఏ అవమానం మీద ఏ అవమానం పేరుకుందో మెట్టుమెట్టుగా కనిపిస్తుంది. కులం ఉంది, డబ్బుంది, మగ పొగరుంది. వెంకట్‌ దుర్మార్గుడే. కానీ ఆ దుర్మార్గానికి ఒక ఊరుంది, ఒక ఇల్లుంది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో బస్తాలు మోసే మనిషినడిగినా ఆ కారణం చెప్పగలడు.

అదే కోనసీమలో మా సాయిబులూ ఉన్నారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకున్నా గడప దాటితే ‘ఆయ్‌’, ‘అండి’ లేకుండా మాట ముగించరు. పనసాకుల్లో ఉడికిన పొట్టిక్కలంటే అందరిలాగే చెవి కోసుకుంటారు. సినిమాలోకొచ్చేసరికి వాళ్ల నోట్లోంచి తెలుగు మాయమవుతుంది. ‘అరే భాయ్‌, నై భాయ్‌’ మిగులుతుంది. ఇక ఫోను సంగతి. కువైట్‌నుంచో, దుబాయ్‌నుంచో ఫోను రాని వీధి కోనసీమలో తక్కువ. జీతం పడింది, అమ్మకి మందులు కొన్నారా, స్లాబు ఎప్పుడు వేస్తున్నారు - ఇవే ఆ ఫోన్లో మాటలు. ఆ ఫోను హిందువు ఇంటికొస్తే సంపాదన. క్రైస్తవుడి ఇంటికొస్తే సంపాదన. తెరమీద మా ఇంటికొస్తే కుట్ర!

2022 మే 24న అంబాజీపేటకి పక్కనే ఉన్న అమలాపురంలో, జిల్లాకి అంబేద్కర్‌ పేరు వద్దంటూ మంత్రి ఇంటికీ ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు. ఆ మంటకి కరాచీనుంచి ఎవడూ అగ్గిపుల్ల పంపలేదు. మన ఊళ్లలో పగలకి మన ఊళ్లలోనే కారణాలున్నాయి. వాటిని చూపించడానికి ధైర్యం కావాలి. సరిహద్దు అవతలివాడిని చూపించడానికి ఒక మ్యాపు, ఒక టోపీ చాలు.

ఇప్పుడు మా పేర్లు వాడుకున్న కథలు చూడండి. 2002లో కృష్ణవంశీ ‘ఖడ్గం’ తీశాడు. ప్రేమించిన పిల్లని ఉగ్రవాదుల వల్ల పోగొట్టుకున్నానన్న కసితో రగిలే పోలీసు అధికారి రాధాకృష్ణ. ఆటో నడుపుకునే అమ్జాద్‌. ఉగ్రవాది అయిన అమ్జాద్‌ తమ్ముడు అజర్‌. రాధాకృష్ణ కసికి కారణముంది. అజర్‌కి? ఒకే ఇల్లు, ఒకే పేదరికం. అన్న ఒకలా, తమ్ముడు ఇంకోలా ఎలా తయారయ్యారు? ఆ ఇంటి కథే అసలు కథ. దాన్ని వదిలేసి ఐఎస్‌ఐ అన్న మూడక్షరాలు పడేశారు. ‘మంచి ముస్లింని కూడా పెట్టాం కదా’ అంటారు. పెట్టారు. ఆ అమ్జాద్‌ దేశభక్తి సర్టిఫికెట్టు జేబులో పెట్టుకుని సినిమా అంతా తిరగాలి. రాధాకృష్ణని ఆ సర్టిఫికెట్టు ఎవరూ అడగరు.

2021లో నాగార్జున హీరోగా ‘వైల్డ్‌ డాగ్‌’ వచ్చింది. నిజ ఘటనల ఆధారంగా తీశామన్నారు. ఎన్‌ఐఏ అధికారి విజయ్‌ వర్మ కూతురు హైదరాబాద్‌ గోకుల్‌ చాట్‌ పేలుడులో చనిపోయింది. అతను బాంబుల సూత్రధారి ఖాలిద్‌ని వేటాడుతూ రహస్యంగా నేపాల్‌ వెళ్లి పట్టి తెస్తాడు. కన్నకూతురిని పోగొట్టుకున్నవాడి చేతికి ఆ వేటని ఏ శాఖ అప్పగిస్తుంది? పరాయి గడ్డ మీద చాటుగా పట్టుకొచ్చిన మనిషిని రేపు కోర్టులో ఎలా నిలబెడతారు? డిఫెన్సు లాయరు మొదటి వాయిదాలోనే వేసే ప్రశ్నలివి. ఈ సినిమాకి ఆ బాధ లేదు. పేరు వినబడగానే తీర్పు అయిపోయింది. హీరోకి భార్య ఉంది, బిడ్డ ఉంది, తీరని దుఃఖం ఉంది. ఖాలిద్‌కి పేరు మాత్రమే ఉంది.

గోకుల్‌ చాట్‌, లుంబినీ పార్కు పేలుళ్లు 2007 ఆగస్టు 25న జరిగాయి. నలభై మందికి పైగా చనిపోయారు. 2018లో ప్రత్యేక కోర్టు ఇద్దరికి మరణశిక్ష, ఒకరికి యావజ్జీవం వేసింది. ఇద్దరిని నిర్దోషులని వదిలేసింది. శిక్ష పడినవాళ్లవి మా పేర్లే. ఆ సంగతి మేము దాచం, ఆ ఘోరాన్ని సమర్థించం. కానీ ఆ కోర్టు పదకొండేళ్ల తర్వాతైనా అయిదుగురినీ విడివిడిగా చూసింది. సినిమా రెండు గంటల్లో మా అందరినీ ఒకే బోనులో నిలబెడుతుంది.

అదే 2007లో, అదే హైదరాబాద్‌లో, మే 18న మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ బాంబు పేలింది. పేలుడులో తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో అయిదుగురు పోయారు. చచ్చింది మేము. పట్టుకుపోయింది మా కుర్రాళ్లని. చిత్రహింసలు పెట్టి, ఉద్యోగాలూ చదువులూ పోగొట్టాక వాళ్లు నిర్దోషులని తేలింది. ప్రభుత్వం పరిహారంతోపాటు మంచి ప్రవర్తన సర్టిఫికెట్లు ఇచ్చింది. అమ్జాద్‌ జేబులోదే ఆ కాగితం! 2013లో హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వు కొట్టేసింది. దర్యాప్తు హిందూత్వవాదుల వైపు తిరిగి, 2018 ఏప్రిల్‌ 16న విచారణ ఎదుర్కొన్న అయిదుగురూ నిర్దోషులుగా విడుదలయ్యారు. మరి బాంబు ఎవరు పెట్టారు? ఇంత పెద్ద చిల్లు ఏ స్క్రీన్‌ప్లేలో ఉంది? ఈ కథ మీద ఒక్క తెలుగు థ్రిల్లరూ మా కంటపడలేదు.

‘సినిమాయే కదా’ అనే లౌకిక మిత్రులారా! మీకు అది రెండు గంటల కాలక్షేపం. ఆ సినిమా ఆడినన్నాళ్లూ బళ్లో మా పిల్లవాడి పేరు మారిపోతుంది. అద్దె ఇంటికి వెళితే పేరు విన్నాక గది ఖాళీ ఉండదు. మా కుర్రాళ్లని పట్టుకుపోయిన రాత్రి ఇరుగుపొరుగు ఎందుకు నోరు మెదపలేదు? పేరు వినగానే కథంతా తమకి ముందే తెలుసనుకున్నారు. ఆ కథ వాళ్లకి ఎవరు చెప్పారో ఒక్కసారి ఆలోచించండి.

మమ్మల్ని ఫరిష్తాలుగా చూపించమని మేము అడగడంలేదు. మాలోనూ వడ్డీలు పిండేవాళ్లున్నారు, తలాక్‌ పేరుతో ఆడవాళ్లని ఏడిపించేవాళ్లున్నారు, మసీదు కమిటీ డబ్బు మింగేవాళ్లున్నారు, మతం పేరుతో నెత్తురు కళ్లచూసేవాళ్లూ ఉన్నారు. విలన్లని చేయండి. కానీ వెంకట్‌కి అంబాజీపేటని ఇచ్చినట్టు ఖాలిద్‌కీ ఒక ఊరివ్వండి. అమ్మని, అప్పుని, అవమానాన్ని, ఆశని ఇవ్వండి. అవి ఇచ్చాక కూడా అతను దుర్మార్గుడే అయితే అతని మీద మొదటి రాయి మేమే వేస్తాం.