తవుడికి కొన్న అక్క

తెలుగువాళ్ల ఇంట్లో నలుగురు పిల్లలుంటే అందులో ఒకరిని తవుడికి కొని ఉంటారు. మీ ఇంట్లో ఎవరిని కొన్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మామూలుగా ఆ యోగం ఆఖరి పిల్లకో, అన్నం దగ్గర మారాం చేసే పిల్లకో పడుతుంది. మా ఇంట్లో మాత్రం అక్కకు పట్టింది. ఇంటికి పెద్దదాన్నే కొనేశారన్నమాట!

మాది నెల్లూరు జిల్లా సముద్రపొడ్డు. ఊరికీ సముద్రానికీ నడుమ బకింగ్‌హాం కాలువ. ఒకప్పుడు ఉప్పు, సరివి కట్టెలు వేసుకున్న పడవలు ఆ కాలువలోనే మద్రాసుకు పోయేవి. ఒకనాడు కట్టెల పడవ మా రేవులో ఆగిందట. కట్టెల సందున ఒక పసిగుడ్డు కేరుకేరుమంటోందట. "నీకు పుణ్యముంటది తల్లీ, తీసుకుపో, మా చెవులు పగిలిపోతా ఉండాయి" అని పడవవాళ్లు బతిమాలారట. మా అవ్వ ఊరికే ఒప్పుకునే మనిషా? చేటెడు తవుడికి బేరం తెగ్గొట్టి, కొసరుగా రెండు మోపుల కట్టెలు కూడా వేయించుకుని ఇంటికొచ్చిందట.

ఏడాదికేడాది కథ పెరిగింది. మా తమ్ముడి నోట పడ్డాక పడవ మాయమై, నేలపట్టు నుంచి గూడబాతు ఎగురుకుంటూ వచ్చింది. దాని గొంతు కింది సంచిలో నాలుగు జెల్లచేపలు, ఒక అక్క. "చేపలు పులుసు పెట్టేసినారు, అక్కను ఏం చెయ్యాల్నో తెలీక పెంచుకున్నారు" అని వాడి ముక్తాయింపు. అప్పటికి వాడింకా పుట్టనే లేదు. అయినా పక్కన నిలబడి చూసినట్టే చెప్పేవాడు. 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న నేలపట్టులో గూడబాతుల రాకను శుభంగా ఎంచుతారు కాబట్టి, వాడి కథలోనూ అక్కకు కాస్త గౌరవమే దక్కింది.

అక్క ఏడ్చేదనుకుంటున్నారా? నడుం మీద చెయ్యి పెట్టుకుని అనేది: "నాకన్నా ఒక ఖరీదుండాది. మొలగొలుకుల తవుడిచ్చి కొన్నారు. మీకోసం ఎవురూ దమ్మిడీ ఇయ్యలా, ఊరికే వచ్చినారు!"

ఆ మాటలో ఒక పాత నిజం ఉంది. వరసగా ఒకరిద్దరు బిడ్డలు దక్కకపోతే, తరువాతి బిడ్డను పొరుగింటావిడ చేతిలో పెట్టి, తవుడిచ్చి మళ్లీ కొనుక్కునే ఆచారం మన పల్లెల్లో ఉండేది. తవిటయ్య, తవిటమ్మ అన్న పేర్లు అలా వచ్చినవే. కొందరు బిడ్డను పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి పెంటయ్య అన్నారు. ఎంగిలి విస్తరిలో పడుకోబెట్టి పుల్లయ్య అన్నారు. ఇది విలువలేని సరుకు, దీని జోలికి రాకు అని మృత్యువును ఏమార్చడానికి ఆ తల్లులు ఆడిన అబద్ధం అది. ఇప్పుడు మనం నవ్వుకుంటూ చెప్పే తవుడు కథ వెనక అంత కడుపుకోత ఉంది. నువ్వు పరాయిదానివని చెప్పడానికి పుట్టిన మాట కాదది. నిన్ను పోగొట్టుకోలేమని చెప్పుకోలేక పుట్టిన మాట.

అందుకే ఈ కథలు మానేయమని నేననను. కథ లేని ఇల్లు ఉప్పు లేని పప్పు. కాకపోతే ఎవరి మీద చెబుతున్నాం, ఎందుకు చెబుతున్నాం అన్నది చూసుకోవాలి.

ముగ్గురు పిల్లల్లో చామనఛాయ పిల్లనే ఏరి "దీన్ని తవుడికి కొన్నాం, లేకుంటే మనింట్లో ఈ రంగెక్కడిది" అంటారు చూడండి, అది పరిహాసం కాదు. ఆ పిల్ల పెళ్లిచూపుల దాకా మోసే బరువు. ఇద్దరు ఆడపిల్లల తర్వాత మూడోదీ ఆడపిల్లయితే "ఆస్పత్రిలో మగపిల్లాణ్ణి మార్చేసి దీన్నిచ్చారు" అనేవాళ్లున్నారు. నవ్వే పెద్దవాళ్లకు అది మరుక్షణం గుర్తుండదు. వినే పిల్లకు మరుపు రాదు. మా తీరంలో ఇంకొకటుంది. పిల్లల్ని "గాలివానకు కొట్టుకొచ్చినావు" అనడం. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానునూ, 2004 డిసెంబరు 26 నాటి సునామీనీ చూసిన ఊళ్లలో ఆ మాట అనే ముందు నాలుక ఒకసారి కరుచుకోవాలి. సముద్రం బిడ్డల్ని తెచ్చిచ్చిన కథ అబద్ధమే. మనుషుల్ని తీసుకుపోయిన కథ మాత్రం నిజం.

ఇక నిజంగానే పెంచుకున్న బిడ్డ ఉన్న ఇళ్ల సంగతి. ఆ ఇళ్లలో తవుడు కథ చచ్చినా వినిపించదు. అందరూ గుట్టుగా ఉంటారు. ఆ గుట్టు చివరికి ఏ పెళ్లిపందిట్లోనో, వడ్డన నడుమ, ఎవరో దూరపు పిన్నమ్మ నోట బయటపడుతుంది.

ఇంటికి పెద్దవాడి పుట్టుక దాస్తే ఏమవుతుందో మనకు భారతమే చెప్పింది. పాండవుల పెద్దన్న కర్ణుడు. కుంతి ఆ సంగతి కర్ణుడికి చెప్పింది యుద్ధం ముంగిట. ధర్మరాజుకు చెప్పింది యుద్ధమయ్యాక, చచ్చినవాళ్లకు నువ్వులూ నీళ్లూ వదిలేటప్పుడు. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాలు తెలుగు చేసిన తిక్కన, నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడే. కాబట్టి ఈ రెండు ఘట్టాలూ మనకు నెల్లూరు కవి చేతుల మీదుగానే అందాయి. నెల్లూరు వాళ్లమైనా ఆ పాఠం నేర్చుకోవద్దా?

చట్టం మనకంటే ముందే నేర్చుకుంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం పెంపుడు బిడ్డకు కన్నబిడ్డతో సమాన స్థానమిచ్చింది. 2022 నాటి దత్తత నిబంధనలు, కొన్ని షరతులతో, బిడ్డ తన మూలాలను వెదుక్కునే వీలూ కల్పించాయి. అంటే నిజం ఎలాగూ దొరుకుతుంది. అదేదో పరాయివాళ్ల దగ్గర దొరికేకంటే అమ్మ ఒళ్లో దొరకడం మేలు కదా!

ఎలా చెప్పాలంటారా? తవుడు కథ చెప్పినట్టే. బిడ్డకు మాటలు పూర్తిగా రాకముందు నుంచే, నిద్రపుచ్చుతూ, మళ్లీ మళ్లీ. ఫలానా ఊరు పోయాం, ఫలానా గదిలో నువ్వు దుప్పట్లో చుట్టుకుని ఉన్నావు, తిరిగొచ్చేటప్పుడు నాన్న చొక్కా తడిపేశావు, ఆ చొక్కా ఇంకా పెట్టెలో ఉంది అని. పదేళ్లొచ్చేసరికి ఆ బిడ్డే తప్పులు దిద్దుతూ మీకు తిరిగి చెబుతుంది.

కుంతి దాచినందుకు ధర్మరాజు మండిపడి, ఆడవాళ్ల కడుపులో రహస్యం దాగకుండు గాక అని శపించాడట. అప్పటినుంచి మన నోట నువ్వుగింజ నానదని మగవాళ్లు మనల్ని ఎగతాళి చేస్తూనే ఉన్నారు. నన్నడిగితే, ఈ ఒక్క విషయంలో ఆ శాపం నిజమైతేనే బాగు. ఏమంటారు?